పాటకూ పాటకూ మధ్య మాట్లాడేదెవరు? వరంగల్ రేడియో చరిత్రలో మన గొంతు



ఈసారి రేడియో గురించి రాస్తున్నం. "రేడియో ఎవరు వింటున్నరు ఇప్పుడు" అని కొట్టిపడేయకండి. ఆటోలో, బస్సులో, టీ కొట్టు కాడ, పత్తి చేనులో, సెల్‌ఫోన్‌లో ఎఫ్ఎం ఇంకా మోగుతనే ఉంది. అందులో వచ్చే పాటలు ఎక్కడ విన్నా ఒకటే. పాటకూ పాటకూ మధ్య మాట్లాడే మనిషి ఎవరు, ఎక్కడ కూచుని మాట్లాడుతున్నడు, ఏ భాషలో మాట్లాడుతున్నడు అన్నదే తేడా. తొంభై ఏండ్ల రేడియో చరిత్రను ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూస్తే, కోయ, లంబాడీ, నాయకపోడు, ఎరుకల పిల్లలమైన మనకు సంబంధించిన సంగతి ఒకటి బయటపడుతది.

మొదట నిజాం కాలానికి పోదాం. హైదరాబాద్ రాజ్యంలో రేడియో ఆకాశవాణితో మొదలు కాలేదు. 1930లలోనే దక్కన్ రేడియో ఉండె. దాని భాష ఎక్కువగా ఉర్దూ. వరంగల్ సుబాలో జనం మాట్లాడింది తెలుగు, అడవి దిక్కు కోయ, తండాల్లో గోర్‌బోలి. రాజ్యం మాట్లాడే భాష ఒకటి, రాజ్యంలో జనం మాట్లాడే భాష ఇంకోటి. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగుబాటు ప్రకటన కూడా ఆ రేడియోలోనే వచ్చింది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసిపోయింది. తెలుగు కార్యక్రమాలు పెరిగినయ్.

అప్పటి తెలుగు రేడియోలో ఒక ముచ్చట గమనించండి. జనం గుర్తుపెట్టుకున్న గొంతులన్నిటికీ చుట్టరికం పేర్లే. పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిన్రు. తర్వాత తురగా జానకీరాణిని కూడా రేడియో అక్కయ్య అనే పిలిచిన్రు. హైదరాబాద్ కేంద్రంలో రతన్ ప్రసాద్ అంటే చిన్నక్క. మైకు ముందటి మనిషిని ఇంటి మనిషిగా అనుకున్నరు కాబట్టే ఆ పేర్లు నిలిచినయ్. ఉత్తరం రాస్తే చదువుతది, తప్పు చెప్తే అడగొచ్చు అన్న నమ్మకం ఉండె. రేడియోలో స్థానికం అనే మాటకు అసలు అర్థం ఇదే. వినేటోడికి, మాట్లాడేటోడికి మధ్య జవాబుదారీ ఉండుడు.

అట్లని వెనుకటి రోజులన్నీ స్థానికమే, ఇప్పుడే అంతా దూరమైంది అనుకుంటే చరిత్ర తప్పు చదివినట్టే. పాటల విషయంలో దూరపు గొంతు మొదటి నుంచీ ఉంది. 1952లో కేంద్ర ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి చోటు తగ్గిపోయింది. జనం పాటలు మానలేదు, స్టేషన్ మార్చిన్రు. రేడియో సిలోన్ పెట్టుకున్నరు. బినాకా గీత్‌మాలా అదే ఏడు మొదలై, అమీన్ సయానీ గొంతు దేశమంతా తిరిగింది. తెలుగోళ్లకు మీనాక్షి పొన్నుదురై గొంతు సిలోన్ నుంచే వచ్చేది. ఆ దెబ్బకు ఆకాశవాణి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలుపెట్టింది. ఒక్కచోట తయారైన పాటల కార్యక్రమం దేశమంతటికీ పంపుడు అప్పటి నుంచే ఉంది.

అయినా ఆ దూరపు రేడియోకు కూడా ఊళ్ల పేర్లు కావలసి వచ్చినయ్. ఇప్పటి జార్ఖండ్‌లో ఝుమ్రీ తిలైయా అనే చిన్న అభ్రకం గనుల ఊరు ఉంది. అక్కడి జనం పాటలు కోరుతూ అన్ని కార్డులు రాసిన్రు, ఆ ఊరి పేరు దేశమంతా తెలిసిపోయింది. మన దిక్కు జనరంజనికి కార్డులు రాసినోళ్ల సంగతీ అంతే. పాట ఎప్పుడైనా వస్తది. తన పేరు, ఊరి పేరు రేడియోలో వినపడాలన్నదే వాళ్ల కోరిక. మనం ఉన్నమని ఎవరో ఒకరు గట్టిగ చెప్పాలె. రేడియో ఆ పని చేసింది.

ఇప్పుడు వరంగల్ దగ్గరికి వద్దాం. ఎమర్జెన్సీ అయిపోయినంక, ఆకాశవాణికి స్వయంప్రతిపత్తి గురించి వేసిన వర్గీస్ కమిటీ 1978లో నివేదిక ఇచ్చింది. రేడియో ఢిల్లీ చేతిలోంచి జనం దగ్గరికి దిగాలనే చర్చ అట్ల గట్టిపడింది. ఆకాశవాణి మూడంచెల పద్ధతి పెట్టుకుంది: జాతీయ, ప్రాంతీయ, స్థానిక. మొదటి స్థానిక కేంద్రం 1984 అక్టోబర్ 30న తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో మొదలైంది. మన దిక్కు 1986లో ఆదిలాబాద్, 1989లో కొత్తగూడెం, 1990లో వరంగల్ కేంద్రాలు వచ్చినయ్. ఈ మూడు పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఆదిలాబాద్ అంటే గోండు, కొలాం జనం. కొత్తగూడెం అంటే కోయ జనం. వరంగల్ అంటే ఒక దిక్కు తండాలు, ఇంకో దిక్కు ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం అడవి. తెలంగాణలో స్థానిక రేడియో చాలావరకు ఆదివాసీ ప్రాంతాల గడప మీదనే పుట్టింది. ఆదిలాబాద్ కేంద్రం గోండీలో కార్యక్రమాలు ఇచ్చింది కూడా.

స్థానిక కేంద్రంలో అనౌన్సర్ పని ఏంది? పాట వేసుడు ఒక్కటే కాదు. మార్కెట్ ధర చెప్పాలె, వాన కబురు చెప్పాలె, పక్క ఊరి పాటగాణ్ణి పిలిచి రికార్డు చేయాలె, శ్రోత పంపిన పేరును తప్పు పలకకుండ చదవాలె. తాడ్వాయి ఎక్కడుందో, గార్ల దిక్కు ఏ భాష నడుస్తదో తెలిసిన మనిషికే అది చేతనైతది. అందుకే ప్రతి కేంద్రం పర్మనెంట్ స్టాఫ్‌తో పాటు ఊరోళ్లను క్యాజువల్ అనౌన్సర్లుగా పెట్టుకుంది. ఆడిషన్ పెడతరు, ఎంపికైనోళ్లకు నెలకు ఆరు డ్యూటీల దాక ఇస్తరు. చదువుకున్న పిల్లలకు మైకు దగ్గరికి పోయే దారి అదే.

విచిత్రం ఏందంటే, ఊరి గొంతును దగ్గరికి తెచ్చిన కాలమే దాన్ని పక్కకు నెట్టే యంత్రాన్ని కూడా తెచ్చింది. 1985లో ఆకాశవాణి కేంద్రాలకు ఉపగ్రహం నుంచి కార్యక్రమాలు అందుకునే రిసీవర్లు పెట్టిన్రు. అంతకుముందు టెలిఫోన్ లైన్ల మీద గరగరమంటూ వచ్చే వార్తలు ఇప్పుడు శుభ్రంగ వినపడ్డయ్. అది మంచే. కానీ డిష్ ఉన్నాక ఒక కొత్త సౌకర్యం వచ్చింది. మనిషి లేని వేళ, డబ్బు లేని నెల, స్విచ్ మారిస్తే సరిపోతది. ఢిల్లీ నుంచో, ముంబై నుంచో, హైదరాబాద్ నుంచో వచ్చేది అట్లనే రిలే అయితది. స్టేషన్ మూతపడ్డట్టు ఎవరికీ తెలియదు, ఎందుకంటే పాట ఆగదు. రిటైరైన అనౌన్సర్ జాగలో కొత్త మనిషి రాకున్నా రేడియో మోగుతనే ఉంటది. 2018 చివర్లో ప్రసార భారతి అయిదు ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసేయాలని నిర్ణయించింది, అందులో హైదరాబాద్‌ది ఒకటి. ఖర్చు తగ్గించుడు అని కారణం చెప్పిన్రు. నేర్పే జాగ తగ్గితే ఊరి గొంతులు ఎక్కడ తయారైతయ్?

ఉపగ్రహ రేడియో కథ ఇంకోటి ఉంది, అది పూర్తిగ ప్రైవేటుది. వరల్డ్‌స్పేస్ గుర్తుందా? మన కంటే పదేండ్లు పెద్ద అన్నలకు గుర్తుంటది. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా పెట్టిన కంపెనీ అది. ఆఫ్రికా, ఆసియా పేద దేశాలకు ఆకాశం నుంచి నేరుగ రేడియో ఇస్తమన్నడు. 2000లో ఏషియాస్టార్ ఉపగ్రహం పైకి పోయింది. ఇండియాలో చందా కట్టి ప్రత్యేకమైన రిసీవర్ కొనుక్కోవాలె. సిగ్నేచర్ ట్యూన్ ఏ.ఆర్. రెహమాన్‌ది. కర్ణాటక సంగీతానికి శ్రుతి, తెలుగు పాటలకు స్పందన అనే చానెళ్లు ఉండె. ప్రకటనల గోల లేదు, శబ్దం చాల శుభ్రం, పాత పాటలు తెలిసినోళ్లు ఎంచి వేసేటోళ్లు. అభిమానులు నిజంగ ప్రేమించిన్రు. కానీ 2008 అక్టోబర్‌లో కంపెనీ అమెరికాలో దివాళా పిటిషన్ వేసింది, 2009 డిసెంబర్ 31తో ఇండియాలో సేవ ఆగిపోయింది. చందా కట్టినోళ్ల దగ్గర పనికిరాని పెట్టెలు మిగిలినయ్. ఎక్కడో ఉన్న అప్పుల లెక్క ఇక్కడి గొంతును ఒక్క రాత్రిలో ఆపేసింది.

ఇగ ప్రైవేట్ ఎఫ్ఎం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. ప్రజల ఆస్తి అన్న మాట నుంచి వేలం పాట దాక రావడానికి ఎక్కువ కాలం పట్టలే. 2005లో రెండో దశ విధానం వచ్చి చిన్న నగరాలకు లైసెన్సులు తెరిచింది. మూడు లక్షల నుంచి పది లక్షల జనాభా ఉన్న ఊళ్లు సి కేటగిరీ. వరంగల్ అందులోకే వస్తది. సన్ గ్రూప్ వాళ్ల ఎస్ ఎఫ్ఎం ఇక్కడ 93.5 మీద మొదలై, తర్వాత రెడ్ ఎఫ్ఎం అయింది. హైదరాబాద్‌లోనూ అదే నంబరు, అదే పేరు.

ఆ విధానంలో ఒక షరతు మనం చదవాలె. సి, డి కేటగిరీ ఊళ్ల స్టేషన్లను ఒక కంపెనీ ఒకే ప్రాంతం లోపల కలిపి, ఒకే కార్యక్రమం నడుపుకోవచ్చు. పెద్ద నగరాలకు ఆ వెసులుబాటు ఇవ్వలే. 2011లో వచ్చిన మూడో దశ విధానం ఇంకా ముందుకు పోయి, కంపెనీ తన స్టేషన్లను దేశమంతటా కలుపుకోవచ్చు అన్నది. లెక్క వాళ్ల దిక్కు నుంచి చూస్తే అర్థమైతది. చిన్న ఊళ్లో ప్రకటనల రాబడి తక్కువ, లైసెన్స్ ఫీజు కట్టాలె, పాటల రాయల్టీ కట్టాలె. అక్కడ ఆరుగురు ఆర్‌జేలను పెట్టే కంటే పెద్ద నగరంలో ఒకరితో మాట్లాడించి అన్ని ఊళ్లకు పంపుడు చౌక. కానీ ఫలితం ఏందంటే, ఎంత చిన్న ఊరైతే అంత దూరపు గొంతు. సొంత గొంతు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది దొరకదు. పైగా ప్రైవేట్ ఎఫ్ఎం సొంతంగ వార్తలు చెప్పరాదు, ఆకాశవాణి బులెటిన్ మాత్రమే రిలే చేయొచ్చు. వార్త లేదు, ఊరు లేదు, మిగిలింది సినిమా పాట, జోకు, ప్రకటన.

ఈ దారిలో మనకంటే ముందు నడిచింది అమెరికా. 1981లో శాటిలైట్ మ్యూజిక్ నెట్‌వర్క్ అనే సంస్థ డాలస్ నుంచి ఇరవై నాలుగు గంటల పాటల కార్యక్రమాన్ని, అనౌన్సర్‌తో సహా, ఉపగ్రహం మీద అమ్ముడు మొదలుపెట్టింది. తర్వాత వాయిస్ ట్రాకింగ్ వచ్చింది. అంటే ఒక నగరంలో కూచున్న మనిషి, తాను ఎప్పుడూ చూడని ఊరి పేరు కాగితం మీద చూసి, ఆ ఊళ్లోనే ఉన్నట్టు మాట్లాడి రికార్డు చేసి పంపుతడు. 1996 టెలికాం చట్టం ఒక కంపెనీ దేశంలో ఎన్ని స్టేషన్లు పెట్టుకోవచ్చు అన్న హద్దు తీసేసింది. క్లియర్ చానెల్ అనే కంపెనీ 1200కు పైగా స్టేషన్లు కూడబెట్టింది.

2002 జనవరి 18 తెల్లవారుజామున నార్త్ డకోటాలోని మైనాట్ దగ్గర గూడ్స్ రైలు పట్టాలు తప్పి అమ్మోనియా విషవాయువు ఊరి మీదికి వచ్చింది. ఒకరు చనిపోయిన్రు, చాల మంది ఆస్పత్రి పాలైన్రు. ఊళ్లోని ఆరు కమర్షియల్ స్టేషన్లూ క్లియర్ చానెల్‌వే. పోలీసులు ఫోన్ చేస్తే వెంటనే ఎత్తినోళ్లు దొరకలేదు. అధికారులు అత్యవసర హెచ్చరిక యంత్రాన్ని సరిగ వాడలేదని కంపెనీ వాదించింది. తప్పెవరిదన్న వాదన ఎట్లున్నా, ఆ రాత్రి తర్వాత అమెరికాలో స్థానిక రేడియో గురించి చర్చ మారిపోయింది. అంతదాక అది అభిరుచి సంగతి. ఆనాటి నుంచి ప్రాణాల సంగతి.

మనకూ అది దూరపు కథ కాదు. 2023 జూలై చివర్లో మోరంచ వాగు మోరంచపల్లిని ముంచింది, జంపన్న వాగు పొంగి కొండాయిలో మనుషుల ప్రాణాలు పోయినయ్. అసుంటి రాత్రి సెల్ టవర్ పడిపోతే, కరెంటు పోతే, బ్యాటరీ మీద నడిచే చిన్న రేడియో ఒక్కటే మాట్లాడగలదు. కానీ ఏం మాట్లాడాలె? ఏ వాగు మీద ఏ కాజ్‌వే మునిగింది, ఏ గూడెం జనం ఏ గుట్టకు ఎక్కాలె అని చెప్పాలంటే ఆ వాగుల పేర్లు, దారులు తెలిసిన మనిషి, ముసలవ్వకు అర్థమయ్యే భాషలో చెప్పే మనిషి మైకు ముందు ఉండాలె. పైగా ఎఫ్ఎం తరంగం చూపు మేర దాకనే పోతది, గుట్టలు అడ్డం వస్తే ఆగుతది. వరంగల్ నుంచి మేడారం దాదాపు 100 కిలోమీటర్లు. నగరంలోని టవర్‌ను నమ్ముకుంటే అడవికి సరిపోదు.

ఇక్కడ మనలో మనం ఒక మాట ఒప్పుకోవాలె. స్థానిక రేడియో అంటే దానంతటదే మన రేడియో కాదు. వరంగల్‌లో కూచుని వరంగల్ తెలుగులో మాట్లాడినా, కోయ అవ్వకు అది ఇంకో ఊరి గొంతే. ఆకాశవాణి 23 భాషల్లో, 179 మాండలికాల్లో ప్రసారం చేస్తుందని లెక్క చెప్తది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో 22 భాషలుంటే, అందులో ఆదివాసీ భాషలుగా చెప్పుకునేవి 2003 సవరణతో చేరిన సంతాలీ, బోడో మాత్రమే. 2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేటోళ్లు నాలుగు లక్షల పైన. లంబాడీ మాట్లాడేటోళ్లు 32 లక్షల పైన ఉన్నా, ఆ లెక్కలో గోర్‌బోలిని హిందీ కింద కలిపేసిన్రు. లెక్కలోనే పేరు లేని భాషకు రేడియోలో గంట ఎవరిస్తరు?

సకిని రామచంద్రయ్యను గుర్తు చేసుకుందాం. కోయ డోలి మోగించి, సమ్మక్క సారలమ్మ కథను తరాల వరసలో పాడిన పెద్దమనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో మనల్ని విడిచిపోయిండు. ఆయన పాట సినిమా పాటలెక్క నాలుగు నిమిషాలలో అయిపోయేది కాదు. గంటలు పడ్తది, వినేటోళ్లు ఉండాలె, సందర్భం ఉండాలె. పెద్ద నగరంలో కంప్యూటర్‌లో తయారైన పాటల లిస్టులో దానికి గడి లేదు. స్థానిక కేంద్రంలో ఒక మనిషి పూనుకుంటే చోటు దొరకొచ్చు. అదీ ఆ మనిషికి ఆ పాట విలువ తెలిస్తేనే.

దారి లేదా అంటే ఉంది, వేరే చోట్ల వేసిన్రు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలైంది. దళిత ఆడోళ్లు నడిపే రేడియో. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ మైకు పట్టి తమ యాసలోనే విత్తనాల గురించి, పండుగల గురించి మాట్లాడిన్రు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఇంకో ఉపాయం చేసింది. రేడియో లైసెన్స్ లేకుండానే, మామూలు ఫోన్ మీద గోండీలో మాట రికార్డు చేయొచ్చు, ఇతరుల మాట వినొచ్చు.

అమెరికాలోనే, క్లియర్ చానెల్ దేశంలోనే, నవాహో జాతి 1986లో సొంత స్టేషన్ పెట్టుకుంది. పేరు కేటీఎన్ఎన్, 50 వేల వాట్ల శక్తి. అది వేసేది ఎక్కువగా కంట్రీ పాటలు, అంటే తెల్లోళ్ల పాటలే. కానీ పాటకూ పాటకూ మధ్య మాట్లాడేది నవాహో భాషలో. ఫుట్‌బాల్ కామెంటరీ కూడా నవాహోలో చెప్పిన్రు. బయటి పాట విన్నంత మాత్రాన మన భాష పోదు. ఆ పాటను పరిచయం చేసే గొంతు కూడా బయటిదైతే పోతది. మన పిల్లలు సినిమా పాట వినొద్దని ఎవరూ అనొద్దు. ఆ పాట అయిపోయినంక కోయలో ఒక మాట, గోర్‌బోలిలో ఒక మాట వినపడితే చాలు, ఆ భాష ఇంట్ల దాచుకునేది కాదని, బజార్ల మాట్లాడేదని పిల్లలకు తెలుస్తది.

మరి మనం చేయగలిగింది ఏంది? మూడు పనులు కనబడుతున్నయ్.

ఒకటి. ఆకాశవాణి కేంద్రాలు క్యాజువల్ అనౌన్సర్ల ఆడిషన్లకు ప్రకటన ఇచ్చినప్పుడు మన డిగ్రీ, పీజీ పిల్లలు దరఖాస్తు పెట్టాలె. వాణి అనే శిక్షణ కోర్సు ఉంది, నేర్చుకోవచ్చు. మన భాష వచ్చినోడు లోపల లేకపోతే, మన భాషలో కార్యక్రమం కావాలని బయట నుంచి ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినా కాగితంగనే ఉంటయ్.

రెండు. కమ్యూనిటీ రేడియో. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు అనుమతి తెరిచిన్రు. 100 వాట్ల శక్తి, పది పన్నెండు కిలోమీటర్ల చుట్టుపక్కల వినపడతది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులతో తయారు కావాలన్నది నిబంధన. అంటే బయట నుంచి డబ్బాలో వచ్చిన సరుకు రోజంతా వేయడానికి చట్టమే ఒప్పుకోదు. 2023 చట్టంతో ములుగుకు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. ఒక విశ్వవిద్యాలయం తన పేరు మీద లైసెన్స్ అడగొచ్చు. ఆ డిమాండ్ పెట్టాల్సింది విద్యార్థులమే. ఏటూరునాగారం ఐటీడీఏ ముందు కూడా పెట్టొచ్చు.

మూడు. లైసెన్స్ వచ్చేదాక ఆగే పని లేదు. ఫోన్ అందరి చేతుల ఉంది. మీ ఊళ్లో డోలి కథ పాడే తాత, తీజ్ పాటలు పాడే యాడి, వాగుల పేర్లన్నీ చెప్పే పెద్దమనిషి ఎవరున్నరో వాళ్ల అనుమతి అడిగి రికార్డు చేయండి. ఎవరు, ఏ ఊరు, ఏ తారీఖు అని మొదట్లనే గొంతుతో చెప్పి పెట్టండి. రేపు మైకు దొరికినప్పుడు వేయడానికి మన దగ్గర సరుకు ఉండాలె. సరుకు లేకపోతే మన స్టేషన్ కూడా సినిమా పాటల డబ్బానే అయితది.

ఇంట్ల పాత రేడియో ముచ్చట్లు తెలిసిన పెద్దలుంటే అడిగి ఈ గ్రూపులో రాయండి. ఏ స్టేషన్ వినేటోళ్లు, ఏ గొంతు గుర్తుంది, మన భాషలో ఎప్పుడన్నా ఏమన్నా విన్నరా, ఈ మూడు అడగండి. వచ్చినవన్నీ కలిపి వచ్చే పోస్టులో పెడతం.

జై సమ్మక్క సారలమ్మ. జై సేవాలాల్.